కోళ్ళకు మొదటి పిడికెడు

పుంగ్గోల్ పేటలోని మా ఫ్లాటులో చేపల తొట్టి పక్కనే కూర్చుని మనవరాలు దోసె తుంచింది. చెయ్యి పట్టుకుని ఆపాను. "ముందు చేపలకు వెయ్యి."

"ఫిష్ కెన్ వెయిట్ లా, అమ్మమ్మా!"

ఇక్కడి యాస ఇంగ్లీషులో గొణుక్కుంటూనే మేత డబ్బా మూత తీసింది. ఆ తవుడు వాసనకి నా చిన్నప్పటి యూదు తాత పెరడు గుర్తొచ్చింది. మా అమ్మ ఆయనింట్లో వంట చేసేది.

అమ్మ వండిన అన్నంలోంచి మొదటి పిడికెడు ఆయన రోజూ కోళ్ళకు వేసేవాడు. అవి తినేదాకా నిలబడి చూసి, చేతులు కడుక్కుని, ప్రార్థన చెప్పుకుని, అప్పుడు తినేవాడు. విషం ఉందేమోనని పరీక్ష చేస్తున్నాడనుకున్నాను. మా అమ్మనే అనుమానిస్తాడా అని నాకు కడుపు రగిలిపోయేది. ఒకరోజు ఆపుకోలేక మలయ్ భాషలో అడిగేశాను. "కోళ్ళు బతికే ఉన్నాయిగా తాతా, ఇక తింటావా?"

అమ్మ నా నెత్తిన ఒక్కటిచ్చింది. "నోర్ముయ్యవే! ఉన్న పని ఊడగొడతావా?"

ఆయన కోప్పడలేదు. రోజూ చదువుకునే పుస్తకం తెచ్చి, కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ చెప్పాడు. "దేవుడు పశువుల మేత ముందు చెప్పాడమ్మా, మనిషి తిండి తర్వాత. ఆకలేస్తే నువ్వు అడుగుతావు. అవి అడగలేవు." తర్వాత అమ్మ వైపు తిరిగి, "నీ వంట మీద నాకెప్పుడూ అనుమానం లేదు" అన్నాడు.

మర్నాడు కోళ్ళకు అన్నం వెయ్యలేదు. బజారులో కొన్న నూకలు చల్లాడు. పిడికెడు అన్నం మిగిలిందని సంతోషించాను. రెండో తరగతితో బడి మానిన బుర్ర మరి. కోళ్ళకు ముందు పెట్టమని ఆయన పుస్తకంలో ఉంది. నూకలు కొనమని లేదు. అవి మా అమ్మ మనసు కోసం కొన్నాడని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.