కుళాయికి సుట్టుకో పో

వడమాలపేట పైపుల మేస్త్రి పోయారన్న కబురు మా కాలేజీ రేసు కారు టీమ్ వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరసగా దండాల బొమ్మలు. "మా గురువు", "మహానుభావుడు" అని రాసినవాళ్ళలో సగం మంది ఆయన షెడ్డు గడప తొక్కలేదు. మిగతా సగం "ఆ ముసలాయన మన రేసు చెడగొట్టాడు" అని ఆరేళ్ళుగా తిడుతూ వచ్చినవాళ్ళు. ఛీ, ఏం మనుషులు! వాళ్ళను అసహ్యించుకునే అర్హత నాకూ లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తిరుపతిలో చదివేటప్పుడు మేం సొంతంగా రేసు కారు కట్టాం. అందులో పెట్రోలు లైను స్టెయిన్‌లెస్ స్టీలు పైపుతో వేయాలి. పైపు చివరను ఉమ్మెత్త పువ్వు మూతిలా విచ్చదీసి నట్టుతో బిగించాలి. ఫ్లేరు కొట్టడం అంటారు దీన్ని. రాగి పైపైతే ఏ ఏసీ మెకానిక్కైనా కొడతాడు. స్టీలు మొండిది, తొందరపడితే చీలుతుంది. మూతబడిన చక్కెర ఫ్యాక్టరీలో ఒకప్పుడు ఫిట్టరుగా పనిచేసిన ఈయన బాగా కొడతారని విని వెళ్ళాం.

మా కెప్టెన్ లాప్‌టాప్ తెరిచి డ్రాయింగు చూపించబోయాడు. "అది మూసెయ్‌పా, దుమ్ము పడతాది. పైపు తెచ్చినావా? అది సూపీ" అన్నారు. కోసిన చోట లోపల వేలు తిప్పి, గరుకు తగలగానే పాచిపోయిన కూర వాసన వచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నారు. "రంపంతో కోసినారా? కట్టెలు కొట్టుకునేదానికి పోండబ్బా!" పని తెలియనివాళ్ళంటే ఆయనకు అంత చులకన. ఒక్క మాట మాత్రం మెల్లగా చెప్పేవారు: "కారితే కారినట్టే. రవ్వంత కారేది అనేది లేదు."

పోటీకి కారును లారీ ఎక్కించాల్సిన రోజు, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, ఆయన పక్కన చూసి నేర్చుకున్న పని వచ్చేసిందన్న పొగరుతో చివరి జాయింటు నేనే కొట్టాను. గాలి పట్టించి సబ్బు నురగ రాస్తే బుడగలు వచ్చాయి. ఎవరూ చూడకుండా నట్టు ఎక్కే మరల మీద ప్లంబర్లు వాడే తెల్ల టేపు చుట్టి బిగించాను. బుడగలు ఆగినట్టే కనిపించాయి.

ఆయన వచ్చి నట్టు కింద తెల్లటి పోగును గోటితో లాగారు. "ఎవురు సుట్టినారు?"

మిగతావాళ్ళు బయట తాళ్ళు సర్దుతున్నారు. నేనేనన్నాను.

"కుళాయికి సుట్టుకో పో. ఇంజనీరమ్మంట! పెట్రోలును ఆపేది మర గాదు, పైపు మూతి. ఈ కారు తోలేది ఎవురు?"

"మా తమ్ముడు, మేస్త్రీ."

ఆయన ఇంక తిట్టలేదు. ఆ లైను వెళ్ళేది తమ్ముడి వీపు వెనక, కాలే సైలెన్సరు పక్కన. ఆ పైపును తీసేసి, కొత్త పైపు నా చేతిలో పెట్టి, "కొట్టు" అన్నారు. తిన్నగా కోశాను, గరుకు తీశాను, నూనె రాసి మెల్లగా తిప్పాను. మూతి అద్దంలా వచ్చింది.

"బాగుండాది. నట్టు యాడుండాది?"

నట్టు బల్ల మీద ఉంది. మూతి విచ్చకముందే దాన్ని పైపుకు తొడగాలి, విచ్చాక ఎక్కదు. మళ్ళీ కోయాల్సిందే. ఆయన పగలబడి నవ్వారు. "నేనూ ఇప్పటికీ మరిసిపోతా ఉండా పాపా" అన్నారు.

అప్పటికి లారీ వెళ్ళిపోయింది. ఇంకో బండి దొరికి మేం చేరేసరికి తనిఖీ ముగిసింది, మమ్మల్ని పోటీలోకి రానివ్వలేదు. ఆలస్యం ఎందుకైందని ఆ రోజు షెడ్డులో కెప్టెన్ అరిస్తే, మేస్త్రి నా వైపైనా చూడకుండా "తప్పు నాదేపా" అన్నారు. నేను మొద్దులా నిలబడ్డాను.

మరుసటి నెల ప్రాక్టీసులో కారు బోల్తాపడింది. సైలెన్సరు వంగి ఆ పైపును ఒత్తుకుంది. ఒక్క చుక్క కారలేదు. తమ్ముడు దుమ్ము దులుపుకుని లేచాడు. అప్పుడైనా నిజం చెప్పాలా వద్దా? చెప్పలేదు.

మొన్న ఆయన దినాలకు షెడ్డు ముందే షామియానా వేశారు. కెప్టెన్ మైకు పట్టుకుని, "ఆయన వల్ల చిన్న పొరపాటు జరిగినా మేం ఏనాడో క్షమించేశాం" అన్నాడు. క్షమించాడట, పెద్ద మనిషి! లేచి మైకు లాక్కున్నాను. "పొరపాటు ఆయనది కాదు. కారే జాయింటుకు టేపు చుట్టి దాచింది నేను" అన్నాను.

మేస్త్రి భార్య విస్తళ్ళు పరుస్తున్నదల్లా ఆగి, "ఇప్పుడు సెప్తే ఆయప్పకు ఇనపడతాదా పాపా?" అని, మళ్ళీ వంగి పరచసాగింది.

తమ్ముడికీ ఈ సంగతి తెలియడం అప్పుడే. వాడు నా వైపు చూడలేదు. కుర్చీలో ముందుకు వంగి, ఒక చెయ్యి వెనక్కి పోనిచ్చి, వీపు మెల్లగా తడుముకుంటున్నాడు.