నా ఉద్ది రాజేశం

మా రాజేశమన్నకు చెవులు వినపడవని నాకు ఉగాది నాడు తెలిసింది. ఆ రోజు నుంచి సెప్టెంబరులో సౌదీ నేషనల్ డే వచ్చేదాకా, దగ్గర దగ్గర ఆరు నెలలు, నేను భయంతోనే తిన్నాను, భయంతోనే పడుకున్నాను. భయపడటం నాకు కొత్తేమీ కాదు. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు గడువు దగ్గర పడితే భయం, మమ్మల్ని తెచ్చుకున్న కఫీల్ ఆఫీసు నుంచి కబురొస్తే భయం, ఇంటి నుంచి ఫోను వెంట వెంటనే రెండుసార్లు మోగితే భయం. కానీ అవన్నీ నా సొంత భయాలు. ఇది ఇంకొకరిది. మోయమని ఆయన నా నెత్తిన పెట్టాడు, నేను కాదనలేకపోయాను.

రాజేశమన్నది కోరుట్ల దగ్గర పల్లె, నాది మెట్‌పల్లి దగ్గర. ఇద్దరం రియాద్‌లో, సులైలో ఉన్న కంపెనీ క్యాంపులో ఒకే గదిలో ఉంటాం. ఆయనకు నలభై తొమ్మిదేళ్లు. వచ్చిన కొత్తలో పదేళ్ల పాటు జాక్ హామర్ పట్టుకుని కాంక్రీటు పగలగొట్టాడు. తర్వాత రిగ్గరయ్యాడు. క్రేను కొక్కానికి సామాను కట్టి, ఆపరేటరుకు చేత్తో సైగలు చేసి ఎత్తించడం, దింపించడం ఆ పని. ఆయన వేలు తిప్పితే ఐదు టన్నుల ఇనుము పైకి లేస్తుంది, చెయ్యి చాపితే ఆగుతుంది. నేను షట్టరింగ్ కార్పెంటర్ని, కాంక్రీటు పోయడానికి చట్రాలు బిగిస్తాను. ఆయన దింపే బరువు కింద నిలబడి పనిచేసే వాళ్లలో నేనొకణ్ని.

పోయిన దసరాకు మా కోలాటం జట్టు కట్టింది ఆయనే. అంతకు ముందు మా క్యాంపులో పాతవాళ్లు గది తలుపులు వేసుకుని, చప్పుడు బయటికి పోకుండా కోలలకు గుడ్డ చుట్టి ఆడుకునేవారట. ఇప్పుడు అంత కట్టడి లేదు, అడిగితే మైదానమే ఇస్తున్నారు. విరిగిన పారల పిడులు కోసి, గీకి, కోలలు చేశాం. పన్నెండు మందిమి, ఆరు జోడీలు. ఎదురెదురుగా నిలబడి ఒకరి కోల మీద ఒకరు కొట్టే ఇద్దరిని ఉద్ది అంటారు. రాజేశమన్నకు ఉద్దిని నేను. చలికాలంలో ఎడారిలోకి పిక్నిక్ పోయి ఇసుకలో ఆడాం, తెలుగువాళ్ల సంక్షేమ సంఘం పిలిస్తే రెండు చోట్ల ఆడాం. కోపు, అంటే అడుగుల వరస, మార్చాల్సినప్పుడల్లా ఆయన కేక వేస్తాడు, అందరం ఆయన్ని చూసి మారతాం. ఆ కేక రోజురోజుకూ పెద్దదవుతోందని మేం ఎగతాళి చేసేవాళ్లం. ఎందుకు పెద్దదవుతోందో ఎవడికీ తట్టలేదు, నాతో సహా.

ఉగాదికి ఊరి బయట ఇస్తిరాహా అనే విడిది ఒకటి అద్దెకు తీసుకున్నాం. చుట్టూ ప్రహరీ, లోపల నాలుగు ఖర్జూరం చెట్లు, ఒక షెడ్డు. ఆట మంచి ఊపులో ఉండగా పాట పాడే పీరయ్య ఒక చరణం మరిచిపోయాడు. మరిచి ఊరుకోకుండా, ఆ బాణీలోనే మా మెస్ వంటవాణ్ని తిట్టడం మొదలుపెట్టాడు. అందరూ కోలలు వదిలేసి పొట్టలు పట్టుకున్నారు. రాజేశమన్న మాత్రం నా కాళ్ల వైపు చూస్తూ ఇంకో రెండు అడుగులు వేశాడు. తర్వాత నా ముఖం చూశాడు, చుట్టూ చూశాడు, అప్పుడు నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వాడు. కళ్లు మాత్రం నవ్వలేదు.

అన్నాలయ్యాక నన్ను నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకుపోయాడు.

"నీకు తెల్సిపోయింది గదా తమ్మీ."

"ఎప్పటి సంది అన్నా?"

ఆయన నా పెదవులు కదలడం చూసి జవాబిచ్చాడు. "ఎడమ చెవు పోయి నాలుగేండ్లాయె. కుడిది మొన్నటి సలికాలం దాక జర ఇనవడుతుండె. ఇప్పుడు అది గూడ పోయింది."

"మరి ఏటేటా రిగ్గర్ల మెడికల్ ఉంటది గదా. ఎట్ల పాసైతున్నవ్?"

"చెవుల పరీక్షల నర్సు బటన్ ఒత్తినప్పుడల్ల ఆమె భుజం కదుల్తది. అది చూసి చెయ్యి లేపుత."

ఏదో ఘనకార్యం చేసినట్టు చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తిడదామనుకున్నాను. కానీ ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. బిడ్డ భాగ్యలక్ష్మి నర్సింగు చదువు ఇంకా రెండేళ్లుందని, సంగతి బయటపడితే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి పంపిస్తారని, ఈ వయసులో చెవిటివాడికి ఇంకెవడూ పని ఇవ్వడని అన్నాడు. రెండేళ్లు ఆగితే తానే పోతానన్నాడు. అక్కడే ఇద్దరం ఒక గుర్తు పెట్టుకున్నాం. ఆటలో ఎప్పుడు ఆగాల్సి వచ్చినా నేను కుడి కోల కిందికి దించాలి. అది దిగితే ఆయన ఆగుతాడు.

అలా నేను ఆయనకు చెవులయ్యాను. ఆటలో కోల దించడం తేలిక. మిగతావి అంత తేలిక కాదు. ఊళ్లో ఉన్న భార్య దేవవ్వ వీడియో కాల్ చేస్తే నేను ఫోనుకు పక్కగా కూర్చుని ఆమె మాటలను చేతులతో ఆయనకు చెప్పాలి. నేను తడబడితే ఆయన "నెట్‌వర్క్ మంచిగ లేదే" అంటాడు. ఒకసారి ఆమె, "నీ గొంతు ఇనక ఎన్ని దినాలాయె అనిపిస్తంది, నా మాటకు జవాబు జెప్తలేవు, నీ మాట నువ్వే జెప్పుకుంటున్నవ్" అంది. అది ఆయనకు చేతులతో ఎలా చెప్పాలో తెలియలేదు. ఆరోగ్యం బాగుందా అని అడుగుతోందని చెప్పాను. ఆయన నవ్వుతూ తలూపాడు. అటు ఆమె ముఖం తిప్పుకుంది.

బక్రీదు సెలవులకు జట్టంతా బస్సులో అల్ ఖోబర్ పోయాం. అల్ అజీజియాలో తెలుగు కుటుంబాల వాళ్లు ఆట పెట్టించుకుని, బిర్యానీ తినిపించారు. సాయంత్రం సముద్రం ఒడ్డుకు పోతే ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండి ఒకటి హారన్ కొడుతూ రాజేశమన్న వెనక నుంచి దూసుకొచ్చింది. నేను ఆయన్ని పక్కకు లాగి, ఆయనతో పాటు ఇసుకలో పడ్డాను. అందరూ మా ఇద్దరినీ చూసి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నాకు మాత్రం బస్సెక్కి రియాద్ చేరేదాకా నవ్వు రాలేదు.

అసలు దెబ్బ ఆగస్టులో తగిలింది. ఆ రోజు షట్టరింగ్ ప్యానెళ్ల కట్ట దిగుతోంది. కింద బాబావలి ఉన్నాడు. కర్నూలు వైపు నుంచి వచ్చి నిండా ఆరు నెలలు కాలేదు. అతని బూటు రెండు కడ్డీల మధ్య ఇరుక్కుంది. ఆపమని గొంతు చించుకుని అరుస్తున్నాడు. రాజేశమన్న కళ్లు కట్ట అంచు మీద ఉన్నాయి, చెయ్యి దింపు దింపు అని ఊగుతూనే ఉంది. నేను పరుగెత్తి ఆ చెయ్యి పట్టి పైకి లేపాను. కట్ట బాబావలి తల మీద ఒక్క మూర ఎత్తులో ఆగింది. ఎవరూ రిపోర్టు రాయలేదు. ఎండకు కళ్లు తిరిగాయని ఆయన అన్నాడు, నేను అవునన్నాను. బాబావలి మర్నాడు నాకు ఒక జ్యూసు డబ్బా తెచ్చిచ్చి, "నువ్వు లేకుంటే నేను ల్యాకపోతుంటి అన్నా" అన్నాడు. ఆ డబ్బా తాగలేకపోయాను.

నాకు లీవు వచ్చింది. నేషనల్ డే అయిన నాలుగో రోజే నా ఫ్లైటు, మళ్లీ రావడం రెండు నెలల తర్వాత.

"నేను లేనన్ని దినాలు ఎట్ల అన్నా?" అన్నాను.

"రెండు నెలలే గదా. దేవుడున్నడు."

"దేవుడు రిగ్గర్ పని చెయ్యడన్నా. నువ్వే పొయ్యి సలీం సార్‌కు చెప్పు. వేరే పని ఇస్తరేమో."

"నీకు చెప్పుడే తప్పయింది" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆయన అటు తిరిగితే ఇక మాట్లాడటం కుదరదు.

సలీం మా సేఫ్టీ ఆఫీసరు, కడప మనిషి. మంచివాడే. మా కోలాటం అంటే ఇష్టం కూడా. నేషనల్ డే ప్రోగ్రాంలో మమ్మల్ని చేర్పించింది ఆయనే. నేను ఆయన క్యాబిన్‌కు రెండుసార్లు పోయాను. మొదటిసారి చేతి గ్లవ్స్ అడిగి వచ్చాను. రెండోసారి కూడా గ్లవ్సే అడిగితే, "ఏం ప్రభాకర్, గ్లవ్స్ తింటాండావా?" అన్నాడు. ఆయన ముఖం చూస్తే రాజేశమన్న ముఖం గుర్తొచ్చేది, చెబుదామనుకున్న మాట లోపలికే పోయేది. చెబితే ఒక మనిషి బతుకు పోతుంది. చెప్పకపోతే బాబావలి పోతాడు, లేదా ఇంకొకడు పోతాడు. నాకు రెండింటికీ భయమే. నేను పిరికివాణ్ని, ఒప్పుకుంటున్నాను.

నేషనల్ డే నాడు క్యాంపు మైదానమంతా ఆకుపచ్చ జెండాలు. కోలలకు ఆకుపచ్చ రిబ్బన్లు చుట్టాం. ముందు వరసలో సోఫాల్లో పెద్దవాళ్లు, మధ్యలో మా ముదీర్, కంపెనీ మేనేజరు. తెల్ల గడ్డం, చేతిలో జపమాల, నిదానమైన మనిషి. సలీం మా దగ్గరికొచ్చి, "మేనేజ్‌మెంట్ అంతా వచ్చినారు. సాయంత్రం మగ్రిబ్ అజాన్‌కు ముందే ఫినిష్ చేయాల. అజాన్ స్టార్ట్ అయితే ఏ స్టెప్‌లో ఉన్నా సరే, స్టాప్. మర్చిపోవద్దండి" అన్నాడు. రాజేశమన్న ఆయన పెదవులు చూసి తలూపి, తర్వాత నా వైపు చూశాడు. నేనూ తలూపాను.

కార్యక్రమం ఆలస్యమైంది. ఉపన్యాసాలు సాగాయి. మా వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. అయినా ఆట బాగా కుదిరింది. అంత బాగా మేమెప్పుడూ ఆడలేదు. రాజేశమన్న చెమటతో తడిసి, గుండ్రం మధ్యలోంచి జారి జారి మళ్లీ నా ఎదుటికి వస్తున్నాడు. ముదీర్ వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి.

అప్పుడు అజాన్ మొదలైంది.

పీరయ్య గొంతు ఠక్కున ఆగింది. పది మంది కాళ్లూ ఆగాయి. సోఫాల్లో వాళ్లు సర్దుకుని కూర్చున్నారు. నేనూ ఆగాను. కానీ నా కుడి కోల గాలిలోనే ఉండిపోయింది.

దించుదామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆ క్షణాన బాబావలి తల మీద వేలాడిన కట్ట కళ్ల ముందుకొచ్చింది. నాలుగు రోజుల్లో నేనుండను. నోటితో చెప్పలేని మాట ఇది, చెప్పాల్సిన మనిషి సలీం పది అడుగుల్లో నిలబడి చూస్తున్నాడు. నా చెయ్యి బిగుసుకుపోయింది.

రాజేశమన్న నా కోల మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అజాన్ తప్ప ఇంకే చప్పుడూ లేని మైదానంలో ఆ కర్రల చప్పుడు నా పళ్లలోకి దిగింది. ఆయన అడుగు తప్పలేదు. నా కళ్లలోకి చూస్తూ కొడుతున్నాడు. ఆరు దెబ్బలు పడ్డాయి. ఇప్పుడేం చేస్తారో, పోలీసులను పిలుస్తారేమో, ఈ మనిషిని నేనేం చేశానో అని భయమేసింది. అప్పుడు దించాలనుకున్నాను. చెయ్యి నా మాట వినలేదు.

ముదీర్ లేచాడు. మెల్లగా నడిచి వచ్చి, ఏడో దెబ్బ పడకముందే రాజేశమన్న మణికట్టు పట్టుకున్నాడు. కోపంగా కాదు, రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు. ఆయన ముఖంలోకి ఒకసారి చూసి సలీంతో, "మా యిస్మా" అన్నాడు. వినపడదు అని. ఆ ఒక్క మాట అని నమాజుకు పోయాడు.

సలీం కదల్లేదు. రాజేశమన్న వీపు వెనక నిలబడి, "రాజేశం" అని పిలిచాడు. కాసేపాగి ఇంకొంచెం గట్టిగా పిలిచాడు. రాజేశమన్న తిరగలేదు. సలీం చుట్టూ తిరిగి ఎదుటికి వచ్చి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "రేపటి నుంచి క్రేన్ దగ్గరికి పోవద్దు. హియరింగ్ టెస్ట్‌కు నేనే తోడుకోని పోతా. తర్వాత ఏమైతాదో నేను ప్రామిస్ చేయలేను." రాజేశమన్న "సరే సార్" అన్నాడు.

నమాజుకు పోయినవాళ్లు ఇంకా తిరిగి రాలేదు. మైదానం పక్కన దొంతర పెట్టిన కుర్చీల దగ్గర ఇద్దరం కూర్చున్నాం. ఆయన కోల మీది రిబ్బను విప్పుతున్నాడు. తిడతాడనుకున్నాను. కొడితే కూడా బాగుండేదనిపించింది.

"అందరు ఆగింది చూసిన తమ్మీ" అన్నాడు. "కండ్లు మంచిగనే ఉన్నయి గదా. పీరయ్య నోరు మూసింది గూడ చూసిన."

"మరెందుకు ఆగలేదన్నా?"

"నీ కోల దిగలే." రిబ్బను చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "వాళ్లే తప్పువోయిన్రేమో అనుకున్న."

నేను నోరు తెరిచాను. కావాలనే దించలేదని చెప్పాలి. బాబావలి గురించి, లీవు గురించి, రెండుసార్లు క్యాబిన్ దాకా పోయి వెనక్కి వచ్చిన సంగతి గురించి చెప్పాలి. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. రాజేశమన్న ముందుకు వంగి, కళ్లు చిన్నవి చేసి, నా పెదవుల వైపే చూస్తున్నాడు.

"జర మెల్లగ జెప్పు తమ్మీ" అన్నాడు. "అందలే."