సైదులు తాత విల్లు

కొత్త దూది వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. మొన్న ఒంగోలులో ఒక పరుపుల కొట్టు ముందు అలాగే ఆగిపోయాను. "పరుపు కావాలాండీ?" అని అడిగాడు కొట్టతను. నాకు కావలసింది సైదులు తాత. ఆయన్ని మీరు చూసి ఉండరు, చూసినా పట్టించుకునేవారు కారు. మీసాల్లోనూ కనుబొమల్లోనూ దూది అతుక్కుపోయి ఉండే బక్కపలచని దూదేకుల ముసలాయన.

తొంభైల చివర నేను మార్టూరు దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో పనిచేసేవాణ్ణి. ఒకరోజు మేం దూరం జరగకముందే మందు పేలింది. నా పక్కనున్న యోహాను చనిపోయాడు. నాకు గీత కూడా పడలేదు. కానీ అప్పటినుంచి తలుపు కొట్టుకున్నా, కుక్కర్ విజిల్ వేసినా తల పట్టుకుని నేలమీద పడిపోయేవాణ్ణి. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు. డాక్టరు బిళ్లలతో నిద్ర పట్టేది గానీ భయం తగ్గలేదు. ఒకనాడు నా ఐదేళ్ల కూతురు కంచం జారవిడిచింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే దాని చెంప పగలగొట్టాను. ఆనాటినుంచి ఆ పిల్ల నేనుంటే ఇంట్లో మునివేళ్ల మీద నడిచేది. ఆ నడక చూస్తే నామీద నాకే అసహ్యం వేసేది.

సైదులు తాత షెడ్డు మా వీధి చివరే. మిషన్లు వచ్చాక కూడా ఆయన విల్లుతోనే దూది ఏకేవాడు. నారి మీద కొయ్యతో కొడితే టంగుమనే ఆ మోతకి జడిసి నేను చుట్టుతిరిగి పోతుండేవాణ్ణి. అది కనిపెట్టి ఒకరోజు ఎదురొచ్చి ఆపాడు.

"ఏం అబ్బాయ్, నా విల్లు నిన్నేమంది?"

"చప్పుడు పడదు తాతా."

"ఎవురు చేసే చప్పుడు? ఇట్రా, నువ్వే కొట్టు."

కొయ్య అందుకుని కొట్టాను. ఒళ్లంతా అదిరింది. "ఎప్పుడొచ్చిద్దో నీకు ముందే తెలుసుగా. ఇంకోటి కొట్టు" అన్నాడు.

కొన్ని నెలలు నేనే కొట్టాను. తర్వాత, "ఇప్పుడు నేను కొడతా, నువ్వు చూస్తా ఉండు" అన్నాడు. ఇంకొన్నాళ్లకి, "అటు తిరిగి కూర్చో" అన్నాడు. అక్షరం ముక్క రాని మనిషికి ఈ వరస ఎవరు నేర్పారో ఈనాటికీ నాకు అంతుబట్టదు. అడిగితే నవ్వేశాడు. "నాకేం తెలుసయ్యా, నీ మొహం చూసుకుంటా కొట్టా, అంతే." తలచుకుంటే ఇప్పటికీ ఆయనకి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

చివరికి ఒక ఉదయం నా కూతుర్ని వెంటబెట్టుకుపోయి కొయ్య దాని చేతికిచ్చాను. కొట్టింది. దూది ఎగిరింది. పిల్ల దూదివైపు చూడలేదు, నా మొహంవైపే చూసింది. నేను కదల్లేదు.

"ఇంకోటి కొట్టనా నాన్నా?"

"నీ ఇష్టం తల్లీ."

భయం పూర్తిగా పోయిందని చెప్పను. దీపావళి వస్తే ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుంటుంది. కానీ ఆ రోజు నా కూతురు నాకంటే ముందు ఇంటికి పరిగెత్తింది, మడమలు నేలకేసి టపటపా కొట్టుకుంటూ. నా చెవుల్లో మిగిలిపోయిన చప్పుడు అదే.