బర్రె వెనక అరుగు

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతబడ్డప్పుడు నేను జనగామలో కొత్తగా చేరిన డ్రాయింగ్ సారును. ఏమీ తోచని ఓ ఉదయం స్టేషన్ రోడ్డు మూల మీద నిలబడి, బందుకు మూసిన దుకాణాల వరసను నా డైరీలోనే పెన్సిలుతో గీశాను. పక్కన ‘అయిదు నిమిషాలు, ఎండ’ అని రాసుకున్నాను. అంత తొందర ఎందుకంటే పోలీసు వ్యాను తిరుగుతోంది; చేతిలో కాగితమున్న ప్రతివాడూ వాళ్లకు నాయకుడిలాగే కనిపించేవాడు.

తర్వాత మానుకోటలో, భూపాలపల్లిలో పనిచేసి ఎనభైల్లో తిరిగివచ్చేసరికి పెంకుటిళ్లు స్లాబులయ్యాయి, జట్కాల చోటికి ఆటోలు వచ్చాయి. రోడ్డు వెడల్పు చేయడానికి ఒక ఓవర్సీరు టేపు పట్టుకుని దిగాడు. ఉద్యమం నాటికే ఉన్న అరుగులను వదిలేస్తామనీ, ఆ తర్వాత కట్టినవాటిని కొట్టేస్తామనీ చెప్పాడు.

ఆ రోజే బట్టల దుకాణం సేటు మా ఇంటికి వచ్చాడు. నర్మెట్ట, రఘునాథపల్లి నుంచి వచ్చే ఆడవాళ్లు ఆయన అరుగు మీద కూర్చునే చీరలు చూసేవారు. అరుగు పోతే వాళ్లు పక్క దుకాణానికి పోతారని ఆయన భయం.

“సారూ, లొల్లి జరిగిన యాడాది మా దుకాణం బొమ్మ గీసినవ్ గదా. గా డైరీ ఉన్నదా, చెదలు తిన్నయా?”

“ఉన్నది సేటు. నా రాత చదవలేక చెదలు గూడ రావు.”

పేజీ తీయగానే ఆయన ముఖం వాడిపోయింది. అరుగు ఉండాల్సిన చోట ఒక బర్రె అడ్డంగా నిలబడి ఉంది.

“అరుగేది సారూ?”

“బర్రె ఎనక.”

“గా బర్రెనెందుకు గీసినవయ్యా?”

“నిలవడ్డది, గీసిన.”

అసలు సంగతి ఆయనకు చెప్పలేదు. దూరం పోయేకొద్దీ దగ్గరపడే గీతలు నాకు ఎప్పుడూ తిన్నగా కుదరవు. అరుగు గీసే బాధ తప్పించినందుకు ఆ రోజు ఆ బర్రెకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ గీతలనే ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పాను.

“జర పెన్సిలు తీసి రెండు గీతలు కొట్టు. ఎవలు జూస్తరు?”

“ఇయ్యాల్టి గీతలు ఇయ్యాల్టి పేజీలనే ఉంటయ్ సేటు.”

మర్నాడు డైరీని ఉన్నదున్నట్టే ఓవర్సీరు ముందు పెట్టాం. ఆయన పేజీని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

“సారూ, బర్రె కడుపు కింద ఈ కాళ్లెవలియి?”

నేనే మరిచిపోయాను. బర్రె వీపు పైన ముగ్గురి తలలు, కడుపు కింద ఆరు పాదాలు. ఒక్క పాదమూ నేలకు ఆనలేదు.

“గాలిల కూసోరు గదా. అరుగు ఉన్నట్టే” అన్నాడు ఓవర్సీరు.

సేటు నన్ను కౌగిలించుకోబోయాడు. అంతలో ఓవర్సీరు వేలు బర్రె తోక దాటింది. బొమ్మలో అక్కడ ఒకాయన గోడకు ఆనుకుని నేల మీదే చతికిలబడ్డాడు. అటు కొమ్ముల ముందు గోడకు ఆనించిన సైకిలు ఉంది.

“ఇటు లేదు, అటు లేదు. అంటే నీ అరుగు బర్రె పొడుగు. ఇప్పుడు మూడు తలుపుల దాక సాగింది. ఆ ఎక్కువదంతా కొట్టేస్తం.”

“బర్రె ఎంత పొడుగున్నదో నీకెట్ల ఎరుక?” అన్నాడు సేటు.

ఓవర్సీరు రోడ్డు మీద పోతున్న ఒక బర్రెను ఆపించాడు.

“గిది బర్రెనా? దూడ! సారు గీసింది ఎంత పెద్దదో సూడు!”

బజారంతా వెతికి అన్నిటికన్నా పెద్ద బర్రెను తోలుకొచ్చి అరుగు పక్కన నిలబెట్టారు. ఓవర్సీరు కొమ్ముల దగ్గర టేపు పెట్టి, తోక మొదట్లో సుద్దతో గీత గీయబోయాడు.

“ఆగు సారూ! తోక బర్రెది గాదా?”

సేటు ఉరికివచ్చి తోక కొస పట్టుకుని గోడ వెంట తిన్నగా గుంజాడు. బర్రె తన్నినా వదలలేదు. నవ్వాపుకోలేక ఓవర్సీరు ఆ కొస దగ్గరే గీత గీశాడు. ఆ తోక మేరలో ఇద్దరు ఆడవాళ్లు హాయిగా కూర్చుని చీరలు చూసుకోవచ్చు.