రామసుబ్బమ్మ పెట్టిన అరటిపండు

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వీధి అది. పొద్దంతా ఉలి చప్పుడు వానలా కురిసేది. ఎవరి బిడ్డ చింతగింజ మింగినా, ఐదు పైసల బిళ్ల మింగినా తల్లులు రామసుబ్బమ్మ గడపకే పరుగెత్తేవాళ్లు. ఆమె అరటిపండు ముక్కలు చేసి, నమలనీకుండా మింగించేది. రెండు రోజులకు బిళ్ల బయటపడేది. ఆమె చేయి మంచిదని వీధి నమ్మింది. ఆమె కూడా నమ్మింది.

1978 ఎండాకాలం. రెండేళ్ల మనవరాలు మహాలక్ష్మి అవ్వ ఒళ్లో పడుకుని, ఆమె తాళికి గుత్తిగా వేలాడే పిన్నీసులతో ఆడుకుంటూ ఒకదాన్ని ఊడదీసి మింగేసింది.

కూతురు జయమ్మ పిల్లను చంకనేసుకుంది. "నంద్యాలకు పోతానమ్మా. బస్సు నిలబడుండాది."

"ఆడికి పోతే కత్తి పట్టుకోని కూర్చోనుంటారు. నా చేతిలో ఎన్ని బిళ్లలు దిగలే?"

"ఇది బిళ్లనా? పిన్నీసు!"

"నాకు నేర్పొచ్చినావా? పండు తే పో."

పిల్ల మింగలేక ఏడ్చింది. రామసుబ్బమ్మ వేలితో లోపలికి నెట్టింది. మూడో రోజుకు పిల్ల ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. అప్పుడు బస్సెక్కారు.

నంద్యాల ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టాడు. నల్లటి ఆకాశంలో దారి తప్పిన పిట్టలా, నోరు తెరిచిన పిన్నీసు.

"ఆ పొద్దే వచ్చింటే నోట్లోంచి గొట్టం దింపి పట్టుకారుతో తీసేవాళ్లం. పండు పెట్టి నెట్టిందెవరు? మొన గుచ్చుకోని చీము పట్టింది."

జయమ్మ తల్లి వైపు చూడలేదు. కోపంగానైనా చూసుంటే బాగుండేదని రామసుబ్బమ్మకు ఏళ్ల తరబడి అనిపించింది.

రొమ్ము పక్కన కోసి తీశారు. పిల్ల బతికింది. కానీ మానిన గాయం అన్నం దిగే దారిని ఇరుకు చేసింది. తిండంటే జావే. దారి వెడల్పు చేయించడానికి నెలనెలా నంద్యాల ప్రయాణం. ఆ జావ కూడా అమ్మ చేత్తోనే తాగేది. అవ్వ చేయి దగ్గరికొస్తే పెదాలు బిగించేది.

ఎనిమిదేళ్ల తర్వాత పొరుగింటి సుబ్బలక్ష్మి ఏడుస్తూ వచ్చింది. ఆమె బిడ్డ చెవికమ్మ మింగింది. "పెద్దమ్మా, పండు పెట్టు!"

"పండూ వద్దు, నీళ్లూ వద్దు. బస్సెక్కు. నేనూ వస్తాండా."

ఆ మధ్యాహ్నమే నంద్యాల ఆసుపత్రిలో కమ్మ నోటి దారినే బయటికొచ్చింది. సుబ్బలక్ష్మి ఆమె చేతులు కళ్లకద్దుకుంది. రామసుబ్బమ్మ వాటిని కొంగులో దాచుకుంది.

ఇంటికొచ్చేసరికి మహాలక్ష్మి గడపలో నిలబడుంది.

"తీసినారా అవ్వా?"

"తీసినారు."

"కోసినారా?"

"లేదు."

పిల్ల తన గౌను మీద, మచ్చ ఉన్నచోట, చేయి పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.