రోజిన్ పూయని కమాను

2004 మార్చి. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మా నాన్న పెట్టిన వాయిద్యాల దుకాణం అప్పటికి నా చేతికొచ్చి చాలా ఏళ్లయింది. ముందు గదిలో గిటార్లు, హార్మోనియంలు అమ్ముతాం. వెనక గదిలో రిపేర్లు. ముందు గది మీద నాకెప్పుడూ ప్రేమ లేదు. గిటారు కొనే కుర్రాళ్లలో సగం మంది దాన్ని భుజాన తగిలించుకుని తిరగడానికే కొంటారు. నా బతుకంతా వెనక గదిలోనే. అందులోనూ నాకు పేరు తెచ్చింది రీహెయిరింగ్, అంటే వయొలిన్ తీగల మీద లాగే కమానుకు పాత వెంట్రుకలు తీసేసి కొత్తవి కట్టడం. గుర్రపు తోక వెంట్రుకల్ని దువ్వి, తడిపి, రెండు కొసల్లోనూ చిన్న చెక్క ముక్కలతో బిగించాలి. ఒక పక్క బిగువు ఎక్కువైందంటే కమాను వంకరపోతుంది.

కొత్తగా కట్టిన వెంట్రుక తీగల మీద పలకదు, జారిపోతుంది. ఈ సంగతి బయటివాళ్లకు తెలియదు. పైన్ చెట్టు బంకతో చేసిన గట్టి బిళ్ల ఒకటుంటుంది, దాన్ని రోజిన్ అంటారు. అది రుద్దితేనే వెంట్రుక తీగను పట్టుకుంటుంది, స్వరం వస్తుంది. రుద్దకపోతే చెయ్యి ఎంత అందంగా ఆడినా బల్ల మీద గుడ్డతో తుడిచినంత చప్పుడు కూడా రాదు.

ఆ మార్చిలో ఒక మధ్యాహ్నం జయకర్ నా దుకాణానికొచ్చాడు. పన్నెండేళ్లకు వచ్చాడు. కాస్త లావెక్కాడు, కళ్లద్దాలు పెట్టాడు, మాట మాత్రం మన మాటే.

జయకర్ నాంపల్లిలో ఒక చర్చి కాంపౌండులో పెరిగినవాడు. తండ్రి ఆ చర్చికి వాచ్‌మన్. వాడికి వయొలిన్ పట్టించింది ఆశీర్వాదం మాస్టర్. మాస్టర్‌ది మెదక్ పక్కన పల్లె. రైల్వేలో పార్సిల్ గుమస్తాగా చేసేవారు. డ్యూటీ దిగాక చర్చి వెనక గదిలో పిల్లలకు ఊరికే పాఠం చెప్పేవారు. అక్కడ నేర్చుకున్నవాళ్లే, ఇద్దరు టీచర్లు, ఒక నర్సు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఇంకొందరు కలిసి ఒక చిన్న ఆర్కెస్ట్రా అయ్యారు. మొదట్లో కండక్టరు మాస్టరే, అంటే ఎదురుగా నిలబడి చిన్న పుల్లతో అందరినీ నడిపించే మనిషి. జయకర్‌కు పందొమ్మిదేళ్లు రాగానే ఆ పుల్ల వాడి చేతికిచ్చి, తను వెళ్లి వయొలిన్ వాళ్లలో కూర్చున్నారు. "నాకంటే వీనికే ఎక్కువ వస్తది. ఇంకా నేనెందుకు నిలబడాలె?" అన్నారు. అలా అన్నవాళ్లను నా అనుభవంలో ఇంకొకర్ని చూడలేదు.

92లో మిషన్ స్కాలర్‌షిప్ మీద జయకర్ జర్మనీ వెళ్లాడు. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు నడుపుతున్నాడని నాంపల్లిలో చెప్పుకునేవారు. నిజం వాడే ఆ మధ్యాహ్నం చాయ్ తాగుతూ చెప్పాడు. అక్కడ వాడు అసిస్టెంట్. అసలు కండక్టరుకు జలుబు చేసిన రోజు రిహార్సల్ నడిపే మనిషి. కచేరీ రోజుకు మాత్రం ఆయన జలుబు తగ్గిపోయేదట.

"ఇప్పుడు ఒక చిన్న ఊర్ల పోస్టు పడ్డది నర్సింగన్నా. ఫుల్ కండక్టర్. నా చేతికింద నడిచిన కచేరీ వీడియో అడుగుతున్రు. నాకక్కడ ఒక్క సాయంత్రం ఆర్కెస్ట్రా ఇచ్చేటోడు లేడు. ఇది కూడ పోతే నేనిగ పిల్లలకు పియానో చెప్పుకుంట బతకాల్సిందే."

అందుకని ఇక్కడికొచ్చాడు. మద్రాసు నుంచి, గోవా నుంచి వాయించేవాళ్లను పిలిపించాడు. అబిడ్స్‌లో ఒక స్కూలు హాలు మాట్లాడాడు. అయినా వేదిక నిండలేదు. నిండుగా కనబడాలంటే మాస్టర్ బృందం ఎనిమిది మందినీ కూర్చోబెట్టాలి. జర్మనీ నుంచి ఉత్తరం రాయగానే వాళ్లు సంబరంగా ఒప్పుకున్నారు. రెండు నెలలుగా రోజూ సాధన చేస్తున్నారు. మాస్టర్ అయితే కొత్త కోటు కుట్టించుకున్నారు.

"నిన్న రిహార్సల్ల విన్నానన్నా," అన్నాడు జయకర్, గొంతు తగ్గించి. "మాస్టర్ చెయ్యి వణుకుతుంది. మిగిలినోళ్లు ఎక్కడ తప్పుతరో తెల్వదు. నువ్వు జర ఒక పని చెయ్యాలె."

పని ఏమిటంటే, కచేరీకని వాళ్ల కమాన్లన్నిటికీ వాడి కానుకగా నేను కొత్త వెంట్రుక కట్టాలి. రోజిన్ పెట్టకూడదు. వేదిక ఎక్కే నిమిషంలో చేతికివ్వాలి, రోజిన్ పెట్టేశానని చెప్పాలి. వాళ్లు వాయిస్తున్నట్టు కనబడతారు, ఒక్క శబ్దమూ వినబడదు. చెడ్డ ఆటగాళ్లతో వేదిక నింపాల్సి వచ్చినప్పుడు పాతకాలం నాటక కంపెనీల్లో ఇలా చేసేవాళ్లని అక్కడెవరో చెప్పారట.

నాకు ఒళ్లు మండిపోయింది. "వాళ్లకు తెల్వదనుకుంటున్నవా? కమాను ఒక్కసారి గుంజంగనే తెలుస్తది. అందరి ముంగట, లైట్ల కింద, లేచి పోలేక చెయ్యి ఆడించుకుంట కూసోవాలె. మాస్టర్‌ను గట్ల కూసోబెడతవా?"

"నా బతుకన్నా ఇది."

"ఆయన బతుకు కాదా? నేను చెయ్య. పో."

చాయ్ సగంలో వదిలేసి పోయాడు. వాడి మీద జాలి కూడా కలిగింది, కాదనను. కానీ అంతకంటే అసహ్యమే ఎక్కువ కలిగింది.

అయినా మర్నాడు వాడు పంపిన మనిషి ఎనిమిది కమాన్లూ తెచ్చి దుకాణంలో పెట్టిపోయాడు. కొత్త వెంట్రుక మాత్రం ఎనిమిదింటికీ కట్టాను. కట్టి, నా చేత్తో ఏడు కమాన్లకు బాగా రోజిన్ పట్టించాను. ఎనిమిదోది మాస్టర్‌ది. అది ఎత్తేసరికి ఆయనే గుమ్మంలో ఉన్నారు.

మాస్టర్‌కు అన్నీ చెప్పేశాను. కచేరీ మానేస్తారనుకున్నాను, కనీసం తిడతారనుకున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని తన ఎడమచేతి వేళ్లను చూసుకున్నారు.

"మిగిలినోళ్లు మంచిగనే కొడుతున్రు. వాళ్లది ఏం ముట్టకు. వాళ్లకు చెప్పకు గూడ. నా దానికి మాత్రం పెట్టకు."

"మాస్టర్!"

"చెయ్యి వణుకుతున్నమాట నిజమే బిడ్డా. వాని నౌకరీ నా చేతుల మీద పోవద్దు. గట్లనే ఇయ్యి."

వాదించాను. వినలేదు. కొత్త వెంట్రుక, రోజిన్ లేకుండా, ఆయన వయొలిన్ డబ్బాలో పెట్టి నేనే మూశాను. జయకర్ కాదు, మాస్టరే నాతో ఆ పని చేయించారు. అందుకే కోపం ఎవరి మీద పెట్టుకోవాలో కూడా తోచలేదు.

కచేరీ ఆదివారం సాయంత్రం. మొదలవక ముందే జయకర్‌ను పక్కకు పిలిచి, నేనెవరి కమానూ పాడు చెయ్యలేదు, ఎట్లా నడిపించుకుంటావో నడిపించుకో అన్నాను. కాదన్నా చివరికి చేస్తాననే అనుకున్నాడు కాబోలు, మొహం తెల్లబోయింది. కానీ అప్పటికే హాలు నిండిపోయింది. వేదిక ఎక్కక తప్పలేదు.

చెప్పకూడదు గానీ, బాగా నడిచింది. మనవాళ్లు ఏడుగురూ ఎక్కడా తడబడలేదు. బృందంలో నర్సు అయితే మద్రాసు ఆయనతో సమానంగా పట్టుకొచ్చింది. నేను మూడో వరసలో కూర్చుని మాస్టర్‌నే చూస్తున్నాను. ఆ చెయ్యి ఎక్కడా ఆగలేదు. అందరి కమానూ పైకి లేచినప్పుడు లేచింది, దిగినప్పుడు దిగింది. మొహం మీద చెమట. పక్క కుర్చీలో కూర్చున్న టీచరమ్మ మధ్యలో ఒకసారి ఉలిక్కిపడి ఆయన వైపు తిరిగింది. ఆయన కళ్లతోనే నీ పని చూసుకో అన్నట్టు సైగ చేశారు. జయకర్ మాత్రం వాళ్లకు మూడడుగుల దూరంలో నిలబడి పుల్ల ఊపుతూనే ఉన్నాడు.

చప్పట్లు మోగాయి. పూలదండలు పడ్డాయి. వాడు వేదిక దిగి నేరుగా మాస్టర్ దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

"మాస్టర్, నేను ఊరికెనే భయపడ్డ. ఇందరిల గూడ మీ సౌండ్ వేరే వినబడ్డది నాకు. చిన్నప్పుడు గదిల విన్న సౌండే. ఏం మారలే."

పక్కనే ఉన్న నాకు అసలు సంగతి నోటిదాకా వచ్చింది. మాస్టర్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"సంతోషం నాయనా," అన్నారు వాడితో. "దేవుడు నిన్ను చల్లగ చూడాలె."

ఆయన ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో. ఆటో వద్దని నడిచారు. డబ్బా నేను పట్టుకున్నాను. దారి పొడుగునా జయకర్‌ను తిట్టాను. అబద్ధాలకోరు అన్నాను, పొగిడి పని కానిచ్చుకునే రకం అన్నాను. ఆయన స్టేషన్ ముందు చాయ్ బండి దగ్గర ఆగారు.

"అబద్ధం చెప్పలే వాడు. నిజంగనే వినబడ్డదనుకున్నడు. గదే నాకు బాధైతుంది," అన్నారు. "చెయ్యి వణుకుతదని నీతోని చెప్పిన, అది సగమే. వాని చిన్నప్పటి సంది పక్కన కూసొని వాయించిన. నా సౌండ్ లేకపోతే వానికి తెలుస్తదేమోనని చూసిన, నర్సింగ్. ఒక్కసారన్న ఇటు తిరిగి 'ఏమైంది మాస్టర్' అంటడనుకున్న."

ఆయన చాయ్ తాగలేదు. గ్లాసు బండి మీద అట్లాగే పెట్టేసి నడిచారు.

జయకర్‌కు ఆ పోస్టు వచ్చింది. ఇప్పటికీ అదే ఊళ్లో ఉన్నాడంటారు. మాస్టర్ మళ్లీ వయొలిన్ ముట్టలేదు. డబ్బా నా దగ్గరే వదిలేశారు, ఎవరికన్నా పేదపిల్లకు ఇమ్మన్నారు. ఇచ్చేశాను.

కమాను బాగు చేస్తే వాయించే మనిషికి మేలు చేసినట్టేనని అంతకుముందు నాకొక నమ్మకం ఉండేది. ఇప్పుడు లేదు. తీగ పలికేలా చెయ్యడం వరకే నా పని. ఎదుట నిలబడ్డవాడి చెవికి ఎవరు కావాలో అది నా చేతిలో లేదు, మాస్టర్ చేతిలోనూ లేకపోయింది. ఈ పనిలో నేను నేర్చుకున్నవన్నీ ఇష్టంగానే నేర్చుకున్నాను, ఇదొక్కటి తప్ప.