ఖాళీగా ఉంచిన కుర్చీ

ప్యాకింగ్ హాల్లో అందరూ ఆమెను సైరన్ అనేవారు. బిస్కెట్ మిషన్ల రొదను దాటి వినపడే గొంతు ఆ ఫ్యాక్టరీలో ఆమెదొక్కటే. పాత సూపర్‌వైజరు రిటైరయ్యాక ఆయన పనంతా ఆమె నెత్తిన పడింది. కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంచారు.

"కొన్నాళ్ళు చూడమ్మా, తర్వాత నీకే" అన్నాడు మేనేజరు.

ఆ కొన్నాళ్ళు రెండేళ్ళయ్యాయి. పనిలో ఉన్న ఓ పిల్ల చెయ్యి మిషన్ బెల్టులో ఇరుక్కుంటే పరుగెత్తి మిషన్ ఆపింది ఆమే. అడక్కుండా ఆపినందుకు మెమో అందుకున్నదీ ఆమే.

ఓరోజు టీ వేళ మేనేజరు అందరినీ పోగేసి, ఆమె దగ్గరే ప్యాకింగ్ నేర్చుకున్న ఓ మగ జూనియర్‌ని సూపర్‌వైజరుగా ప్రకటించాడు. చప్పట్లు కొట్టమన్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మరి నేనో?"

"నీకు ఇల్లూ పిల్లలూ... ఇబ్బంది పెట్టడం ఎందుకనీ..."

"ఆయనకీ పిల్లలున్నారు సార్. వాళ్ళేమైనా గాలికి పెరుగుతున్నారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు ముఖం ఎర్రబడింది. "ముందు గొంతు తగ్గించు. ఈ వారం పక్కనుండి ఆయనకి సూపర్‌వైజరు పని నేర్పించు."

"నేర్పను. పదవి ఆయనకీ, చాకిరీ నాకూనా?"

ఇంటికొస్తే భర్త తగులుకున్నాడు. "అందరి ముందూ అలా అరవాలా?"

కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తి పక్కన పెట్టింది. "అరవకపోతే వాళ్ళ చెవికి ఎక్కుతుందట్రా?"

మర్నాటి నుంచి ఆమె తన మిషన్ తప్ప మరో వైపు చూడలేదు. పెట్టెలు గుట్టలు పడ్డాయి, అందరికీ ఓవర్‌టైం పడింది. "నీ పంతానికి మా నడుములు విరుగుతున్నాయే" అని తోటి ఆడవాళ్ళే విసుక్కున్నారు. మేనేజరు మాటకన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. చూసి చూసి, రాజీనామా అతని బల్ల మీద పడేసి బయటికి నడిచింది.

తిన్నగా వెనక వీధిలోని సబ్బుల ఫ్యాక్టరీకి వెళ్ళింది.

"ప్యాకర్‌గా చేరతావా?" అన్నాడు ఓనరు.

"సూపర్‌వైజర్‌గా అయితేనే. అక్కడ రెండేళ్ళు చేసిందీ అదే, పేరొక్కటే ఇవ్వలేదు."

ఆయన కాసేపు ఎగాదిగా చూసి, నెల రోజులు పనితీరు చూస్తానన్నాడు. ఆ నెల గడవకముందే ఉద్యోగం ఖాయం చేశాడు.

అలాగని కోపం చల్లారిందా అంటే, లేదు. రోజూ ఆ పాత ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే వెళ్ళాలి. "రెండేళ్ళు మింగేశారు వెధవలు" అని పళ్ళు నూరుతూనే వెళ్తుంది.